సూపర్‌మార్కెట్ స్టాఫ్ మానేయకుండా ఉండాలంటే: కుటుంబానికి పనికొచ్చే సౌకర్యాలు ఎలా మొదలుపెట్టాలి (చెన్నై ఓనర్ల కోసం)

వేళచ్చేరిలోనో, అంబత్తూరులోనో, మాధవరంలోనో పదిహేను మంది స్టాఫ్‌తో సూపర్‌మార్కెట్ నడుపుతున్న తెలుగువాళ్లను వ్యాపారం ఎలా ఉందని అడగండి. ఆన్‌లైన్ డెలివరీ యాప్‌లను తిట్టడానికి ముందే ఒక మాట వస్తుంది: "మనుషులు దొరకట్లేదండీ." ఇంకాస్త కదిలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మనుషులు దొరుకుతున్నారు, ఉండటం లేదు. పొన్ని బియ్యంలో ఏ బ్రాండ్ పాతది, ఏది కొత్తది, ఏ అపార్ట్‌మెంట్ ఆంటీకి ఏ పప్పు కావాలి అన్నది ఒంటబట్టేసరికి మనిషి పక్క వీధి షాపులో తేలతాడు.

"ఐదొందలు ఎక్కువిస్తే పోతారు" అని ఓనర్లు అంటారు. అది సగం నిజం. ఐదొందల కోసం షాపు మారినవాళ్లలో చాలామందికి ఇక్కడే ఉండిపోవడానికి వేరే కారణం కనపడలేదు, అంతే. ఆ కారణాన్ని ఇంటివైపు నుంచి ఎలా ఇవ్వాలో ఇక్కడ రాస్తున్నాను. పది నుంచి యాభై మంది దాకా ఉన్న షాపులను దృష్టిలో పెట్టుకున్నాను. వరస మార్చకండి. ముందు టైమ్, తర్వాత చట్టం ప్రకారం రావాల్సినవి, ఆ తర్వాతే డబ్బు ఖర్చయ్యేవి.

అడుగు 1: ఎవరింట్లో ఏముందో తెలుసుకోండి

ఒక నోట్‌బుక్ కొని మనిషికో పేజీ కేటాయించండి. నెల మొదటి పది రోజులు ఎలాగూ ఊపిరి సలపదు. ఇరవయ్యో తారీఖు దాటాక, మధ్యాహ్నం రెండు నాలుగు మధ్య జనం పలచబడినప్పుడు ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చోండి. కౌంటర్ దగ్గర నలుగురి ముందు మాత్రం వద్దు.

అడగాల్సినవి తక్కువే. పిల్లలున్నారా, ఏ స్కూలు, ఎన్నింటికి వదులుతారు? ఇంట్లో మంచం పట్టినవాళ్లు, మందులు వాడేవాళ్లు ఉన్నారా? షాపుకి ఎలా వస్తున్నారు, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి? ఏడాదిలో తప్పనిసరిగా ఊరెళ్లాల్సిన రోజులేవి? పెళ్లయిన అమ్మాయిని "పిల్లలెప్పుడు?" అని అడగకండి. సరదాగా అన్నా సరే, ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

నాలుగు పేజీలు నిండేసరికే అందరికీ ఒకే సౌకర్యం పనికిరాదని మీకే తెలుస్తుంది. బిల్లింగ్‌లో ఉన్న అక్కకి మూడున్నరకల్లా స్కూలు గేటు దగ్గర ఉండాలి. సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే మనిషికి ఆ ట్రైన్ దాటితే ఇక రాత్రంతా ఇబ్బందే. గోడౌన్‌లో మూటలు మోసే బిహార్ కుర్రాడికి ఏడాదికోసారి వరసగా మూడు వారాలు ఊరెళ్లడం, ఒకటో తారీఖున ఇంటికి డబ్బు పంపడం కావాలి. అతని ముందు పిల్లల ఫీజుల స్కీమ్ గురించి ఎంత చెప్పినా ఏం లాభం?

అడుగు 2: డ్యూటీ చార్ట్ రెండు వారాల ముందే గోడకెక్కించండి

ఒక్క పనికి మించి చేసే ఓపిక లేదంటే ఇదొక్కటే చేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇంటికి దీనికన్నా పనికొచ్చేదీ లేదు.

మన షాపుల్లో రేపటి డ్యూటీ ఈ రాత్రి షట్టర్ దించేటప్పుడు తేలుతుంది. "రేపు నువ్వు పొద్దున్నే వచ్చెయ్" అంటాం. ఆ ఒక్క మాటకి అవతలి ఇంట్లో అత్తగారికి ఫోన్ వెళ్తుంది, పాపని పక్కింట్లో వదలాలి, డాక్టర్ అపాయింట్‌మెంట్ పోతుంది. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2017 నుంచి పెద్ద రిటైల్ కంపెనీలు 14 రోజుల ముందే డ్యూటీలు చెప్పి తీరాలని చట్టమే ఉంది. మనకి ఆ చట్టం వర్తించకపోయినా, ఆ అవసరం మన స్టాఫ్ ఇళ్లలోనూ అంతే ఉంది.

చార్ట్ వేయడానికి ముందు చట్టం గీసిన గీతలు చూసుకోండి. 1947 నాటి తమిళనాడు షాపుల చట్టం ప్రకారం పని రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు. వరసగా 4 గంటలు పనిచేశాక గంట విరామం ఇవ్వాలి. ఓటీ (ఓవర్‌టైమ్) కలిపినా రోజుకి 10, వారానికి 54 గంటలు దాటకూడదు. విరామంతో సహా మొత్తం 12 గంటల్లోపే ముగియాలి. పొద్దున 7 నుంచి 11 దాకా, మళ్లీ సాయంత్రం 5 నుంచి 10 దాకా అనే మన అలవాటైన బ్రేక్ షిఫ్ట్ ఈ లెక్కలో 15 గంటలకి వస్తుంది. అంటే అది ఎప్పటినుంచో తప్పే.

7 నుంచి 10 దాకా తెరిచి ఉండే షాపుకి నేనైతే ఇలా వేస్తాను. ఒక బ్యాచ్ 7 నుంచి 4, ఇంకొకటి 1 నుంచి 10, రెండింటికీ నాలుగు గంటలయ్యాక గంట విరామం. రెండు బ్యాచ్‌లూ కలిసే 1 నుంచి 4 మధ్య లోడ్ దించడం, ర్యాకులు సర్దడం, ఎక్స్‌పైరీ చూడడం. స్కూలు పిల్లలున్నవాళ్లకి 9 నుంచి 3 అనే చిన్న డ్యూటీ, గంటల లెక్కన జీతం. సాయంత్రం 5 నుంచి 9 రద్దీకి దగ్గర్లోని కాలేజీ పిల్లలు పార్ట్‌టైమ్.

చిక్కల్లా సాయంత్రాలతోనే. ఇంట్లో పిల్లలున్న ప్రతి ఒక్కరూ పగటి డ్యూటీయే అడుగుతారు, పెళ్లికానివాళ్లు "ఎప్పుడూ మేమేనా?" అని గొణుగుతారు. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది. కాబట్టి సాయంత్రం డ్యూటీకి రోజుకింత అని అదనపు బత్తా పెట్టండి, నెలలో ఒక ఆదివారమైనా ప్రతివాళ్లకీ సెలవు వచ్చేలా తిప్పండి. డ్యూటీలు మార్చుకోవడం స్టాఫ్‌కే వదిలేయండి. ఇద్దరూ ఒప్పుకుని వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, మీ అనుమతి కోసం ఆగనక్కర్లేదు.

కోయంబేడుకి కూరగాయల కోసం తెల్లవారుజామున వెళ్లే మనిషిని చార్ట్‌లో మర్చిపోతారు. మూడింటికి లేచినవాడు రాత్రి తొమ్మిదిదాకా షాపులో కనిపిస్తున్నాడంటే అతను తన పిల్లల్ని నిద్రలోనే చూస్తున్నాడన్నమాట. అతని డ్యూటీ మధ్యాహ్నానికి ముగించేయండి.

అడుగు 3: చట్టం ఇచ్చేవి సక్రమంగా అందించండి

వీటిని "మేమిచ్చే సౌకర్యాలు" అని బోర్డు మీద రాయకండి. ఇవి వాళ్ల హక్కులు. కానీ వీటిని పూర్తిగా అందించే షాపులు తక్కువ కాబట్టి, సరిగ్గా చేస్తేనే మీరు నలుగురిలో కనిపిస్తారు.

పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉన్న షాపుకి ఈఎస్ఐ (ఉద్యోగులకి ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. నెలకి 21,000 దాకా జీతమున్నవాళ్లంతా అందులోకి వస్తారు. ఓనర్ వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 16,000 జీతానికి మీరు 520 కడితే వాళ్ల నుంచి 120 పోతుంది. ఈ 640 రూపాయలకి ఇంటిల్లిపాదికీ, అంటే భార్య లేదా భర్తకీ, పిల్లలకీ, ఆధారపడిన అమ్మానాన్నలకీ వైద్యం దొరుకుతుంది. మన ఊళ్లో కేకే నగర్, అయనావరంలో పెద్ద ఈఎస్ఐ ఆస్పత్రులున్నాయి. జబ్బు చేసి పనికి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది.

డబ్బు కట్టి చేతులు దులుపుకోవడం దగ్గరే అందరూ ఆగిపోతారు. అసలు పని తర్వాత ఉంది. పోర్టల్‌లో కుటుంబ సభ్యుల పేర్లు, ఆధార్ వివరాలు ఎక్కించారా? డిస్పెన్సరీ షాపుకి దగ్గర్లోది పెట్టారా, ఇంటికి దగ్గర్లోదా? భార్యాపిల్లలు నాయుడుపేటలో ఉంటే వాళ్లకి అక్కడి డిస్పెన్సరీ ఎంచుకునే వీలుంది, అది చేశారా? ఒక శనివారం మధ్యాహ్నం మీ అకౌంటెంట్‌ని షాపుకే పిలిపించి అందరివీ కూర్చుని సరిచేయండి. కార్డు చేతిలో ఉండి ఆస్పత్రిలో పాప పేరు లేదని వెనక్కి పంపితే ఆ కోపం మీమీదే పడుతుంది.

ప్రసూతి సెలవు గురించి ఓనర్లలో ఒక పాత అపోహ ఉంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని తీసుకుంటే ఆరు నెలల జీతం ఊరికే ఇవ్వాల్సి వస్తుందని భయపడతారు. ఈఎస్ఐలో ఉన్న ఉద్యోగికి ఆ 26 వారాల జీతం ఈఎస్ఐ ఇస్తుంది, మీ గల్లా నుంచి పోదు. అంతకుముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (చందా లెక్కేసే ఆరేసి నెలల గడువులు) కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు. ఇద్దరు పిల్లల దాకా 26 వారాలు, ఆ తర్వాత 12. మీరు చేయాల్సిందల్లా ఆ ఆరు నెలలకి తాత్కాలికంగా ఒకరిని పెట్టుకోవడం, తిరిగొచ్చినప్పుడు అదే కౌంటర్ అప్పగించడం. జీతం 21,000 దాటి ఈఎస్ఐలో లేని ఉద్యోగికైతే ఆ భారం మీదే, అది వేరే లెక్క.

ఆ 21,000 గీత దగ్గర ఒక మెలిక ఉంది. సూపర్‌వైజర్‌కి 20,500 నుంచి 21,500కి జీతం పెంచి సంబరపడతాం. నడుస్తున్న కాంట్రిబ్యూషన్ పీరియడ్ ముగియగానే చందా ఆగుతుంది, ఆ తర్వాత కొన్ని నెలలకి అతని ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం కూడా ఆగిపోతుంది. వెయ్యి రూపాయలు పెరిగి, అమ్మగారి షుగర్ మందులు సొంత ఖర్చు అవుతాయి. ఆ గీత దాటించేటప్పుడే కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి. లేదంటే ఆ పెంపు అతనికి నష్టమే.

ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే పీఎఫ్ తప్పనిసరి. అంతకన్నా తక్కువున్నా ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే చేరవచ్చు. పీఎఫ్‌తోపాటు ఉద్యోగి చనిపోతే కుటుంబానికి పెన్షన్, 7 లక్షల దాకా బీమా ఉంటాయి. అవి చిక్కుల్లేకుండా అందాలంటే నామినేషన్ ఆన్‌లైన్‌లో చేసి ఉండాలి. చాలామంది చేయరు. ఫోన్ చేతిలో పట్టుకుని పక్కన కూర్చుని చేయించండి.

సెలవుల లెక్క కూడా చూడండి. తమిళనాడు షాపుల చట్టంలో ఏడాది పనిచేసినవాళ్లకి 12 రోజుల ఆర్జిత సెలవు ఉంటుంది. అది కాక మొదటి ఏడాది నుంచే జబ్బు సెలవు 12, క్యాజువల్ 12 దాకా జీతంతో. పండగ సెలవుల చట్టం కింద జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 కాక మరో ఐదు. "మా దగ్గర లీవంటూ ఏమీ లేదు, రాకపోతే కట్" అని గొప్పగా చెప్పే ఓనర్ చట్టం తెలియదని ఒప్పుకుంటున్నట్టే. 2025 నవంబర్ 21న కేంద్రం కొత్త కార్మిక చట్టాలు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాక ఈఎస్ఐ, పీఎఫ్, ప్రసూతి, గ్రాట్యుటీ అన్నీ సోషల్ సెక్యూరిటీ కోడ్ కిందికి చేరాయి. షాపు పనివేళలు, సెలవులు మాత్రం ఇంకా రాష్ట్ర చట్టం ప్రకారమే. ప్రతివాళ్లకీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి.

పదిమంది కూడా లేని షాపా? బ్యాంకు ద్వారా జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిదానికి వయసు 18 నుంచి 50 మధ్య ఉండాలి. మనిషికి 456 చొప్పున ఎనిమిది మందికి 3,648. దీపావళికి పంచే స్వీట్ బాక్సుల ఖర్చుతో ప్రతి ఇంటికీ 2 లక్షల భరోసా. స్వీట్లు మానేయమనడం లేదు, ఆ గొడవ నాకొద్దు.

అడుగు 4: పిల్లలు, ఫీజులు

యాభై మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలని చట్టం. అంతకన్నా చిన్న షాపులో "పిల్లల కార్నర్" పెడదామని కొందరు ఉత్సాహపడతారు. నా మాట వినండి, వద్దు. మూటలు దిగే చోట, ఎలుకల మందు పెట్టే చోట పిల్లలుండకూడదు. ఆ ఖర్చుతో 9 నుంచి 3 డ్యూటీ ఇంకో ఇద్దరికి ఇవ్వండి. దాంతోపాటు పిల్లల గురించి వచ్చే ఫోన్లకి ఒక వెసులుబాటు ఇవ్వండి. "కౌంటర్‌లో ఫోన్ నిషేధం" పెట్టిన షాపులో స్కూలు నుంచి వచ్చే ఫోన్ మాత్రం ల్యాండ్‌లైన్‌కో, సూపర్‌వైజర్‌కో రావాలి, వెంటనే అందాలి.

ఫీజుల అడ్వాన్స్ ఇంకా ముఖ్యం. మే, జూన్ నెలల్లో మీ స్టాఫ్‌లో సగం మంది వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్తారు. అదే సమయంలో వడ్డీ లేకుండా 15,000 ఇచ్చి నెలకి 1,500 చొప్పున పది నెలలు పట్టుకోండి. ఎవరికి ఇస్తారు, ఎంత ఇస్తారు, మధ్యలో మానేస్తే ఏం చేస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. ఓనర్‌కి నచ్చినవాళ్లకే దొరికే అడ్వాన్స్ అసూయ పుట్టిస్తుంది. జీతంలో కోతలన్నీ కలిపి సగం దాటకూడదనీ గుర్తుంచుకోండి.

పెద్ద స్థాయిలో ఇది ఎంతదూరం పోవచ్చో తెలియాలంటే అమెరికాలోని వెగ్‌మన్స్ అనే సూపర్‌మార్కెట్ సంస్థని చూడవచ్చు. 1984 నుంచి తమ ఉద్యోగులకి చదువుల స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. మనం ఏడాదికి ఒక పదో తరగతి పాసైన పిల్లకి పుస్తకాల ఖర్చిచ్చినా మొదలే. స్టాఫ్ మీటింగ్‌లో స్టేజీ కట్టి, ఫోటోలు తీసి మాత్రం ఇవ్వకండి.

నాన్నలకి సెలవు గురించి మన దగ్గర ప్రైవేటులో చట్టం లేదు. బిడ్డ పుట్టినప్పుడు జీతంతో ఏడు రోజులు ఇచ్చి చూడండి. 16,000 జీతగాడికి ఖర్చు నాలుగు వేల చుట్టుపక్కల. ఆ ఇంట్లో మీ షాపు పేరు చాలా ఏళ్లు నిలుస్తుంది.

అడుగు 5: సరుకులు

కిరాణా షాపు తేలిగ్గా ఇవ్వగలిగింది కిరాణాయే. నెలకి ఒక పరిమితి దాకా, ఉదాహరణకి 3,000 రూపాయల సరుకు, కొన్న ధరకే ఇవ్వండి. బిల్లు వేయండి, జీతంలో పట్టుకోండి. ఎక్స్‌పైరీకి రెండు రోజులున్న బిస్కెట్లు పంచి దాన్ని "స్టాఫ్ బెనిఫిట్" అనేవాళ్లున్నారు. స్టాఫే ర్యాకులు సర్దుతారు, ఆ తేదీలు మీకన్నా ముందు వాళ్లే చదువుతారు.

అడుగు 6: కాళ్లు, రాత్రులు, వానలు

2021లో తమిళనాడు షాపుల చట్టానికి సవరణ చేసి, ప్రతి షాపులో ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలన్నారు. కేరళ అంతకు ముందే, 2018లో చేసింది. బిల్లింగ్ కౌంటర్‌కి తగిన ఎత్తున్న స్టూలు వేయండి, "కస్టమర్ వస్తే లేవాలి" అనే నియమం పీకేయండి. పగలంతా నిలబడ్డ మనిషి ఇంటికెళ్లి వంట చేయాలి. శుభ్రమైన టాయిలెట్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఆడవాళ్లు బస్టాపులో ఒంటరిగా నిలబడే పరిస్థితి రానివ్వకండి. క్యాష్ టాలీ మగవాళ్లకి అప్పగించి ఆడవాళ్లని ఎనిమిది ఎనిమిదిన్నరకే పంపేయండి. ఏడాది పొడవునా తెరిచే అనుమతితో నడిచే షాపుల్లో రాత్రి 8 దాటాక మహిళలు పనిచేయాలంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం, రక్షణ ఏర్పాట్లు ఉండాలి. తప్పనిసరై ఉంచితే షేర్ ఆటో షాపు ఖర్చే. పగటి ప్రయాణానికి సిటీ మామూలు బస్సుల్లో మహిళలకి 2021 నుంచి టికెట్ లేదు కాబట్టి ఆ మేరకు మీ ఖర్చు తక్కువే.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి ముందే ఒక పద్ధతి పెట్టుకోండి. 2015 డిసెంబర్‌నీ, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానునీ చూసినవాళ్లకి వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెడ్ అలర్ట్ వస్తే దూరం వాళ్లని మధ్యాహ్నమే పంపేయడం, షాపు మూసిన రోజులకి జీతం కోయకపోవడం, ఇల్లు మునిగినవాళ్లకి వెంటనే ఐదు కిలోల బియ్యం, పప్పు, పాలపొడి, కొవ్వొత్తులు. ఆ సరుకు మీ గోడౌన్‌లోనే ఉంది.

అడుగు 7: సంక్రాంతి

నెల్లూరు, చిత్తూరు వైపు స్టాఫ్ ఉన్న ప్రతి షాపుకీ ఇది ఏటా వచ్చే తలనొప్పి. వాళ్లకి సంక్రాంతి, మనకి పొంగల్ సీజన్. చెరకు, పసుపు కొమ్మలు, పచ్చి బియ్యం, బెల్లం అమ్ముడుపోయే వారంలోనే వాళ్లు ఊళ్లో ఉండాలి.

అమ్మకాలు నిజంగా ఎప్పుడున్నాయో పాత బిల్లులు తీసి చూడండి. రద్దీ అంతా భోగి సాయంత్రం దాకే. పొంగల్ రోజు, మాట్టు పొంగల్ రోజు చాలా వీధుల్లో షాపు వెలవెలబోతుంది. ఆ రెండు రోజులు సగం మందితో నడపండి, వీలుంటే ఒక రోజు మూసేయండి. మిగతావి చీటీలు తీసి పంచండి. ఈ ఏడాది ఆగినవాళ్లకి ఉగాదికి నాలుగు రోజులు, వచ్చే ఏడాది సంక్రాంతికి మొదటి వంతు.

రైలు టికెట్లు 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి. అంటే నవంబర్ మొదటి వారానికల్లా మీ జాబితా తేలిపోవాలి. డిసెంబర్ ఆఖర్లో "సరే, వెళ్లిరా" అంటే ఆ మనిషి మాధవరం బస్టాండులో రాత్రంతా నిలబడాలి. వచ్చేటప్పుడూ అదే కథ కాబట్టి రెండు రోజులు ఆలస్యంగా వస్తాడు, మీరు జీతం కోస్తారు, ఫిబ్రవరిలో మానేస్తాడు.

అడుగు 8: ఒక పేజీలో రాయండి, ఆర్నెల్లు చూడండి

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల డ్యూటీ చార్ట్, రెండో నెల ఈఎస్ఐ సరిచేయడం, ఆ తర్వాత మీ నోట్‌బుక్‌లో ఎక్కువ మంది అడిగింది ఒకటి. ఇచ్చి వెనక్కి తీసుకోవడం కన్నా ఇవ్వకపోవడమే నయం. అందుకే ఏడాదంతా భరించగలిగినవే రాయండి. ఆ పేజీ తమిళంలో, తెలుగులో, హిందీలో భోజనాల గది గోడకి అంటించండి.

ఫలితం తెలియడానికి రెండే లెక్కలు రాసుకోండి. చెప్పాపెట్టకుండా రాని రోజులెన్ని, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు. రెండోదానికి నిజం చెప్పాలంటే మనిషి భయపడకూడదు. అందుకు దారి ఒకటే: మానేసేవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో పూర్తిగా తేల్చేయండి, పీఎఫ్ బదిలీ చేయించండి, మిగిలిన సెలవులకి డబ్బివ్వండి. అదంతా అయ్యాక అడగండి. ఆ జవాబు కూడా నోట్‌బుక్‌లో అతని పేజీ కిందే రాసుకోండి. వచ్చే చార్ట్ వేసేటప్పుడు ముందు ఆ పేజీలు తిరగేయండి.